టెలిఫోను దగ్గర మిగిలినావిడ

బెజవాడలో మా రైసుమిల్లు కంపెనీ అప్పులు తీర్చలేక మూతపడింది. ఆస్తులమ్మి బాకీలు తీర్చడానికి కోర్టు వేసిన లిక్విడేటరు మిల్లుకు సీలు వేయించాక ఆఫీసులో గుమస్తాగా నేనూ, టెలిఫోను ఆపరేటరుగా ఆవిడా మిగిలాం. బాకీలు రావలసినవాళ్ళు ఫోనులో తిడుతుంటే, "చెప్పండి, వింటున్నాను," అనేది ఆవిడ. ధాన్యం తోలిన చల్లపల్లి రైతు అయితే రోజూ తిట్టేవాడు.

నెలలు గడిచేకొద్దీ ఫోన్లు ఆగిపోయాయి. ఒక మధ్యాహ్నం ఆవిడే చల్లపల్లి రైతుకి ట్రంక్ కాల్ బుక్ చేసింది.

"ఫోను చెయ్యట్లేదేంటి బాబాయిగారూ? ఒంట్లో బాగానే ఉందా?"

అవతల ఆయన ఏదో అడిగాడు.

"లేదండీ, నా జీతం కూడా రాలేదు. ముందు బ్యాంకుది తీరాలంట. మీలాగే నేనూను."

కాసేపటికి ఫోను పెట్టేసి నావైపు తిరిగింది.

"అన్నం తిన్నావా అమ్మా అని అడిగాడండీ."

అన్ని తిట్లు విన్న మనిషి అప్పుడు ఏడ్చింది.