బావమరిది గుర్రం తోక

మొన్న మా ఊళ్లోని తార్‌బహార్‌లో పెళ్లి ఊరేగింపు దారి మూసేస్తే స్కూటర్ ఆపుకుని నిలబడ్డాను. అందరూ గుర్రం మీది పెళ్లికొడుకును చూస్తుంటే నేను గుర్రం తోక చూస్తున్నాను. తోక నడిమిలో ఒక్కసారిగా రంగు మారింది. అంటే సవరం కట్టారన్నమాట. ఈ పాడు విద్య నాకు మా బావమరిది వల్ల అబ్బింది.

మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు. చాలా ఏళ్లు బ్యాండు మేళంలో బాకా ఊది, ఊపిరి చాలక మానేసి, ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొన్నాడు. పెళ్లిళ్లకు తిప్పుతానని తెచ్చి మా పెరట్లో కట్టేశాడు. నన్ను అడగలేదు, అక్కను అడిగాడట. నేను రైల్వే డీజిల్ షెడ్‌లో ఉద్యోగం ముగించి, ఇక ప్రశాంతంగా పేపరు చదువుకుందామనుకున్న కాలమది. పేపరు మీద ఈగలు, పడక్కుర్చీ పక్కన లద్ది. అన్నిటికన్నా ఒళ్లుమంట ఆ తోక. దురదపుట్టి గోడకు రుద్దుకుని రుద్దుకుని అది తోకను ఎలుక తోకలా చేసుకుంది. అలాంటి గుర్రాన్ని పెళ్లివాళ్లు ఒప్పుకోరని మావాడు రోజూ మధ్యాహ్నం దాని సేవకు దిగేవాడు. తోక మొదలు దగ్గర చర్మానికి వేపనూనె, కుంకుడు రసంతో స్నానం, తడి ఆరాక కొబ్బరినూనె, దాణాలో నానబెట్టిన అవిసె గింజలు. దువ్వెన తాకనిచ్చేవాడు కాదు. ఒక పక్కగా నిలబడి, కొసల నుంచి పైకి, పాయ తరువాత పాయ వేళ్లతోనే చిక్కు తీసేవాడు. నా బట్టతలకు ఏనాడూ చుక్క నూనె రాయని మా ఆవిడ ఆ తోకకు సీసాలకు సీసాలు తెచ్చి ఇచ్చేది. ఏడాదిన్నరకు తోక మోకాళ్ల కిందికి దిగింది. మా మధ్య తగవులూ అదే జోరున పెరిగాయి. గుర్రాన్ని తీసెయ్యమని నేను, ఇది మా అక్క ఇల్లని అతను.

సరిగ్గా పెళ్లిళ్ల కాలం ముందు అతను టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో చేరాడు. గుర్రం తాడు తెంపుకుని, లాల్‌ఖదాన్ దగ్గర రైలు పట్టాల పక్క తుప్పల్లో తిరిగి, తోక నిండా ముళ్లకాయలు అంటించుకుని వచ్చింది. మా ఆవిడ ఆసుపత్రికి వెళుతూ నూనె సీసా నా చేతిలో పెట్టి, కాయలు ఒక్కొక్కటే తియ్యమంది. సీసా మూత కూడా తియ్యలేదు నేను. గంటసేపు పీకితే పదో పదిహేనో వచ్చాయి, వేళ్లకు ముళ్లు దిగాయి, నడుము పట్టేసింది. అతని మీదున్న కసి అంతా పైకొచ్చింది. లోపలికెళ్లి కత్తెర తెచ్చాను. ముడిపడినంత మేరే కత్తిరించానని తరువాత అందరికీ చెప్పాను. అబద్ధం. తోక ఎముక కొస దగ్గర పట్టుకుని వెంట్రుకలన్నీ కోసేశాను. కోస్తుంటే హాయిగా కూడా ఉంది. ఆ తరువాత ఈగ వాలినప్పుడల్లా గుర్రం ఆ మోడును విసురుతుంటే చూడబుద్ధి కాలేదు.

వారానికి అతను సగం మనిషై వచ్చాడు. మోడును చేత్తో పట్టుకుని కత్తెర పడ్డ కొసలు తడిమి చూశాడు. కేకలేస్తాడని నేను జవాబులు సిద్ధం చేసుకున్నాను.

"నూనెలో నానితే ఆ కాయలు వచ్చేస్తాయి బావా. నీకు తెల్దా ఏటి?" అన్నాడు.

తెలుసన్నాను. "అచ్ఛా" అని తాడు విప్పాడు. తోక మళ్లీ పెరగడానికి మూడేళ్లు పడుతుందనీ, అందాకా నన్ను తన గుమ్మం తొక్కొద్దనీ అక్కతో చెప్పాడు, నాతో కాదు. గుర్రాన్ని నడిపించుకుంటూ పక్కనున్న గతౌరాలో తన ఇంటికి వెళ్లిపోయాడు. ఆ ఏడు బ్యాండువాళ్లు వేరే గుర్రాన్ని మాట్లాడుకున్నారు. అతను ఇటుకల బట్టీలో కాపలాకు కుదిరాడు. మా ఆవిడ వంట మానలేదు గాని వడ్డించడం మానేసింది. గిన్నెలు నా ముందు పెట్టి అవతలికి పోయేది.

మూడేళ్లూ ఆగి గతౌరా వెళ్లాను. గుర్రం తోక దాదాపు నేలను తాకుతోంది. అతను పక్కన నిలబడి చిక్కు తీస్తున్నాడు. చెయ్యి తుడుచుకుని చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టాడు. తప్పయిందని చెప్పాలనే వెళ్లినవాణ్ని, తోక బాగా పెరిగిందన్నాను.

"ఎండ ముదరకముందే ఎల్లండి మీరు" అన్నాడు.

పాతికేళ్లు నన్ను నువ్వు అన్నవాడు. నేను స్కూటర్ ఎక్కేదాకా మళ్లీ తలెత్తలేదు. వెంట్రుకకు మూడేళ్లు చాలునని అతను సరిగ్గానే లెక్కకట్టాడు. మనిషికీ అంతే సరిపోతుందనుకున్నది నేను.