కన్ను దారి, తూటా దారి

“దిమ్మె పెట్టి పైకి బిగిస్తె మెడ వంచుడే ఉండదమ్మా!”

“మెడ వంచలేనోడివి తుపాకి ఎందుకు ముడుతున్నవ్ రా?”

“నాకు దగ్గరిది మసక కొడుతుందనే గద ఇది తెప్పించింది. ఎర్ర చుక్క ఎక్కడుంటె తూటా అక్కడికే పోతది. వాగు ఒడ్డుకు మూడు కాల్చి చూసిన. మూడూ ఒక్క దగ్గర్నే పడ్డయ్.”

“వాగు ఒడ్డుకు గట్టు లేదు. పొలంల ఉన్నది.”

“గట్టుకూ దీనికీ ఏం సంబంధమే? రెండో తరగతి సదివినదానివి, నువ్వేం జూసినవ్?”

“మట్టిని జూసిన.”

నా కొడుకు రాజేశం నవ్వాడు. నవ్వుతూనే తుపాకి గొట్టాన్ని నూనె గుడ్డతో తుడిచాడు. ఆ నూనె వాసన నా ముక్కుకు తగిలేసరికి నోట్లో తడి ఆరిపోయింది. ఆ సంగతి జరిగి నలభై ఏళ్లు దాటినా ఆ వాసనకు నా అరచేతులు చల్లబడతాయి.

ఆ తుపాకి మా ఆయనది. ఆయన పోయాక లైసెన్సు కొడుకు పేరు మీదికి వచ్చింది. వరి పాలు పోసుకునే వేళ అడవి పందులు నదివైపు నుంచి గుంపుగా దిగుతాయి. ఒక్క పూటలో ఎకరం పడగొడతాయి. ఈసారి వాటిని కాల్చడానికి ఫారెస్టు ఆఫీసు నుంచి పర్వానా దొరికింది. రేపు పొద్దు గూకేటప్పుడు గట్టు చాటున కూర్చుంటానని ఊరికి మాట ఇచ్చాడు. నలభై ఆరేళ్లు వచ్చాయి, కళ్లకు చత్వారం వచ్చింది, గొట్టం కొసన గురి కోసం ఉండే మక్కీ అతనికి ఆనడం లేదు. అందుకని నాగపూర్ నుంచి ఈ చిన్న అద్దం తెప్పించాడు. లోపల ఎర్ర చుక్క వెలుగుతుంది. అద్దంతో పాటు రెండు బిగింపులు వచ్చాయి. ఒకటి పొట్టిది, గొట్టానికి ఆనుకుని కూర్చుంటుంది. ఇంకొకటి నాలుగు వేళ్ల ఎత్తు దిమ్మె. అతను దిమ్మే కావాలని పట్టుబట్టాడు. నేను పొట్టిదే పెట్టమన్నాను. మా పొలానికి అవతల లస్మక్క వాళ్ల మంచె ఉంది. ఇప్పుడు దాని మీద ఆమె కోడలు కూర్చుని పిట్టల్ని తోలుతుంది. నా భయమంతా ఆ మంచె గురించే.

మహబూబ్ చాచాను మీరు చూడలేదు. చూసినవాళ్లం కూడా ఇక కొద్దిమందిమే మిగిలాం. సిరొంచలో మా వాడకట్టు చివర ఆయన అరుగే ఆయన దుకాణం. తుపాకులు బాగుచేసే లైసెన్సు ఉన్న మిస్త్రీ. జిమల్‌గట్ట నుంచి, జింగనూర్ నుంచి రైతులు తుపాకుల్ని గోనెసంచిలో చుట్టుకుని వచ్చేవారు. నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడు, మా ఆయన అన్నం గిన్నె ఇచ్చి రమ్మంటే మొదటిసారి ఆ అరుగెక్కాను. చాచా ఒక మరను వేళ్ల మధ్య పెట్టుకుని చూస్తున్నాడు. అన్నం కింద పెట్టి వెళ్లిపోబోతుంటే పిలిచాడు.

“బిడ్డా, నీ కండ్లు లేతయి. ఈ మర చుట్లు అరిగినయా, జర జూడు.”

చూశాను. ఒక చుట్టు అరిగింది. చెప్పాను. ఆయన ఆ మరను దూరంగా విసిరేశాడు. నాకు ప్రాణం చివుక్కుమంది. దిగివెళ్తూ దాన్ని ఏరి కొంగుకు కట్టుకున్నాను. మా ఇంట్లో ఏదీ పారేసే అలవాటు లేదు, ఇప్పటికీ లేదు. ఆయన చూశాడు. “తలుపు గొళ్లానికి వాడుకో. తుపాకికి మాత్రం వద్దు,” అన్నాడు. ఆ మాట అప్పుడు చెవికెక్కింది గానీ తలకెక్కలేదు.

అప్పటినుంచి పనులయ్యాక అప్పుడప్పుడు అరుగు మీద కూర్చునేదాన్ని. ఒక రంజాన్ పండుగ మరుసటి రోజు ఆష్టి నుంచి ఒక పెద్దమనిషి అంత దూరం బస్సులో వచ్చాడు. చాచా కొడుక్కి నౌకరి దొరికిన సంతోషంలో ఉన్నాడు, ఇల్లంతా చుట్టాలు. ఆ పెద్దమనిషికి చాయ్ తాగించి, “రేపు రాండ్రి,” అన్నాడు.

“పండుగ నిన్ననే అయిపాయె గద సాయబూ, పరేషాన్ జెయ్యకు,” అన్నాడాయన.

“ఇయ్యాల నేను మస్తు హుషారుగున్న. నా చేతిల భయం లేదు. భయం లేనినాడు నేను తుపాకి ముట్ట.”

ఆ పెద్దమనిషి తిట్టుకుంటూ వెళ్లి సత్రంలో పడుకున్నాడు. నేను నవ్వాను. ధైర్యం లేని మనిషి తుపాకుల పని ఎట్లా చేస్తాడని అడిగాను. చాచా నవ్వలేదు. “ముప్పై ఏండ్ల సంది రోజూ భయపడుతున్న బిడ్డా. అందుకే ఇంకా దుకాణం నడుస్తున్నది,” అన్నాడు.

మా ఆయన పొడుగు మనిషి. తడి పొలంలో మెడ వంచి, చెంప తుపాకి వెనక కట్టెకు ఆనించి గురి చూడడం ఆయనకు చిరాకు. ముందు మక్కీ, దాన్ని కలిపి చూసే వెనుక గాడి రెండింటినీ ఎత్తు చేయమని చాచాను అడిగాడు. “చెంప కట్టెకు ఆనాలె కొడుకా. ఆనకపోతె కన్ను ఒక్క తీరుగ నిలువది,” అని చాచా ఒప్పుకోలేదు. కావాలంటే కట్టెనే చెక్కి మెడకు అనువుగా చేస్తానన్నాడు, ఎనిమిది రోజులు ఆగమన్నాడు. పందులు ఆగుతాయా అని మా ఆయన, అంత దండుగ ఎందుకని నేను. నా రేకు డబ్బాలో విరిగిన నాగలి ఇనుప ముక్కలు రెండు ఉన్నాయి. తీసిచ్చాను. పక్కవాడలో కమ్మరి వాటిని సాగగొట్టి మక్కీ, గాడి కింద ఎత్తుగా అతికించాడు. మా ఆయన నిటారుగా కూర్చుని గురి చూసి, ఎంత హాయిగా ఉందో అన్నాడు. ఇనుము వృథా పోలేదని నేనూ సంబరపడ్డాను.

మూడో రోజు పొద్దు వాలాక పందులు వచ్చాయి. మా ఆయన గట్టు ఇవతలి వాలు మీద తుపాకి ఆనించి కాల్చాడు. నేను సద్ది గిన్నె తేవడానికి వెళ్లి పొలం మూలన ఉన్నాను. చప్పుడు ఒకటి కాదు, రెండు వినిపించాయి. రెండోది రాయి పగిలినట్టు. ఆ వెంటనే లస్మక్క మంచె మీది నుంచి కేక.

ఎట్లా పరుగెత్తానో నాకు తెలియదు. బురదలో చెప్పులు పోయాయి. లస్మక్క మంచె మీద కూర్చుని ఉంది. ఒడిలో పాలు తాగే పిల్లాడు. చేతిలో ఇత్తడి చెంబు, దాని పొట్టలో ఒక పక్క రంధ్రం. నీళ్లు ఆమె చీర మీదికి ధార కడుతున్నాయి. “నీళ్లు తాగుదామని ఎత్తిన వదినే, నీళ్లు తాగుదామని ఎత్తిన,” అని అదే మాట అంటోంది. నేను ఆమె ఒంటిని తడిమాను, పిల్లాడిని తడిమాను. రక్తం లేదు. అయినా నా చేతులు తడమడం ఆపలేదు.

పంది ఒక దిక్కు, మంచె ఒక దిక్కు. తూటా అటు ఎట్లా పోయిందో ఎవరికీ అంతుపట్టలేదు. తెల్లారి మహబూబ్ చాచా వచ్చాడు. తూటాలు తీసేయించి, తుపాకిని నిన్న పెట్టినచోటే గట్టు మీద పెట్టించాడు. “గురి జూడు. ఏమైనా అడ్డమున్నదా?” అన్నాడు. మా ఆయన చూసి, “ఏం లేదు, సాఫుగున్నది,” అన్నాడు. చాచా తుపాకి కదలకుండా పట్టుకుని గొట్టం వెనక మూసి ఉండే బోల్టు ఊడబీకాడు. ఇప్పుడు గొట్టంలో కన్ను పెట్టి చూడమన్నాడు. మా ఆయన చూసి పక్కకు జరిగాడు.

“ఈ ఇనుము ఎవరిచ్చిన్రు?” అన్నాడు చాచా.

మా ఆయన నన్ను చూడలేదు. నన్ను కాపాడాలనే చూడలేదు. నేను ఒప్పుకోకపోయినా ఎవరూ అడగరు. కానీ లస్మక్క గొంతు ఇంకా చెవిలో ఉంది.

“నేనే చాచా. దండుగ ఎందుకని.”

“రా. నువ్వు గూడ చూడు.”

వంగి గొట్టంలో చూశాను. చివరన చిన్న గుండ్రటి వెలుగు ఉండాలి. అక్కడ మట్టి ఉంది. తెగిన గడ్డి వేరు ఒకటి, పగిలిన రాతి తునక ఒకటి, ఆ తునక మీద నడుస్తున్న చీమ ఒకటి.

“ఏం కనవడ్తుంది?”

“మట్టి.”

“కన్ను గట్టు మీదికెళ్లి పోయింది. తూటా గట్టుల రాయికి తగిలి మంచె దిక్కు మళ్లింది. వాటి దారులు వేరు బిడ్డా. వాటి నడుమ సందు ఎంత పెంచితె అంత మోసం. భయమైతుందా?”

“అయితుంది.”

“ఇగ దాన్ని పోగొట్టుకోకు.”

ఒక్క తిట్టు లేదు. తిట్టి ఉంటే నాలుగు రోజులు ఏడ్చి మరిచిపోయేదాన్ని. ఆయనే కూర్చుని కమ్మరి అతికించిన ముక్కల్ని ఆకురాయితో తీసేశాడు. పాత మక్కీని, గాడిని వాటి చోట్లలో కూర్చోబెట్టి, ప్రతి మర తల మీద నుంచి ఇనుము మీదికి తెల్లరంగుతో సన్నని గీత గీయించాడు నా చేత. గీత రెండు ముక్కలైతే మర కదిలినట్టు. పదేళ్లు ఆ గీతలు నేనే చూసేదాన్ని. తర్వాత అడవిలో తిరిగేవాళ్ల భయం, వాళ్లకోసం వచ్చే పోలీసుల భయం మొదలై, ఆ తుపాకి చాలా ఏళ్లు ఠాణాలోనే ఉండిపోయింది. ఆ మధ్యనే చాచా పోయాడు. చివరి రోజుల్లో చూడబోతే చేతులు వణుకుతున్నాయి. వాటిని చూసుకుని, “ఇగ వీటికి మస్తు భయమొచ్చింది బిడ్డా,” అని నవ్వాడు.

లస్మక్కకు నా పెళ్లి చెంబు ఇచ్చి, రంధ్రం పడ్డ చెంబు నేను తెచ్చుకున్నాను. ఇప్పటికీ దానితోనే కొత్తిమీర మడికి నీళ్లు పడతాను. రంధ్రం నుంచి సన్నగా పడతాయి, వృథా కావు. దేనికైనా సరే, నాకు సాఫుగా కనబడినప్పుడే నాకు ఎక్కువ భయం. పిల్లల పెళ్లిళ్లప్పుడు, వైద్యాలప్పుడు, భూమి కొన్నప్పుడు, నా కన్ను చూసే దారి ఒకటీ జరగబోయే దారి ఒకటీ అనుకుని ఇంకోసారి వంగి చూశాను. నన్ను పిరికిది అన్నవాళ్లున్నారు. అననిచ్చాను.

ఇదంతా రాజేశానికి చెప్పాను. అతను దిమ్మె వదల్లేదు. “అప్పటి ఇనుము వేరు, ఇప్పటి సామాను వేరు,” అన్నాడు. దిమ్మె మీదే బిగించాడు. నేను చెంబు తెచ్చి అతని ముందు పెట్టి, “రేపు పొద్దున తూటాలు ఇంట్ల పెట్టి నాతోని పొలానికి రా. ఆ తర్వాత నీ ఇష్టం,” అన్నాను.

పొద్దున ఇద్దరం పోయాం. మంచు ఇంకా విడిపోలేదు. రాజేశం సాయంత్రం కూర్చోబోయే చోటనే గట్టు మీద తుపాకి ఆనించాడు. అవతల ఖాళీ గుంజ మీద ఎర్ర చుక్క పెట్టి, “సాఫుగున్నదమ్మా,” అన్నాడు. నేను తుపాకిని రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. తుపాకి కదలనివ్వలేదు. బోల్టు తీయమన్నాను. తీశాడు. గొట్టంలో కన్ను పెట్టాడు. అప్పుడే లస్మక్క కోడలు మంచె ఎక్కుతూ మమ్మల్ని చూసి, “ఏందత్తమ్మా, ఇంత పొద్దుగాల?” అని కేకేసింది. రాజేశం తల తిప్పి మంచెను చూసి, మళ్లీ గొట్టంలోకి వంగాడు.

“ఏం కనవడ్తుంది?”

“మట్టి.”

ఇంటికి వచ్చాక దిమ్మె విప్పి పొట్టి బిగింపు పెట్టాడు. అద్దంలోనుంచి పాత మక్కీ కూడా కనబడింది. చెంప కట్టెకు ఆనింది. మరల మీద నేను తెల్లగీతలు గీశాను. మళ్లీ వాగు ఒడ్డుకు పోయి కాల్చి చూసుకోవాలి, మళ్లీ గట్టు మీద పెట్టి గొట్టంలోంచి చూడాలి కాబట్టి, ఆ సాయంత్రం తుపాకి బయటికి తీయలేదు. డబ్బాలు కొడుతూ పొలం చుట్టూ తిరిగాడు. పందులు వచ్చి తూర్పు మడి సగం తిన్నాయి.

దిమ్మె నా రేకు డబ్బాలో ఉంది. తలుపు గొళ్లానికి పనికొస్తుందేమో చూడాలి.