బట్ట కప్పిన కంప్యూటరు

1999. మహబూబ్‌నగర్ బస్టాండు వెనక సందులో ఒక చిన్న దుకాణంలో కంప్యూటర్లు రిపేరు చేసేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేని గిరాకీలకు, పత్రికలతో పాటు ఉచితంగా వచ్చే సీడీ నుంచి లినక్స్ వేసిచ్చేవాణ్ణి. లినక్స్ అంటే ఎవరైనా తీసుకుని వాడుకోగల, మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని వాడేవాళ్లంతా మెయిలింగ్ లిస్టు అనే ఉత్తరాల గుంపులో కలిసేవాళ్లు. ఒకరు ప్రశ్న పంపితే అందరికీ చేరుతుంది, తెలిసినవాడు జవాబు రాస్తాడు. సెక్యూరిటీ ప్రశ్న వచ్చిందంటే నేను ఎగబడి రాసేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే విసుగొస్తుంది, ఇంకెవరి మీదా కాదు, నా మీదే.

ఆ ఏడు నారాయణపేటలో ఒక చేనేత సంఘానికి కంప్యూటరు పెట్టి వచ్చాను. పాత నేతగాళ్లు గ్రాఫు కాగితాల మీద గీసిన చీర అంచులను గడి గడిగా అందులోకి ఎక్కించాలి. ఆ పని షాహీన్ అనే అమ్మాయిది. దర్జీ కూతురు, డిగ్రీ చదివింది, వాళ్ల ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి. వచ్చేముందు ఆమెకు రెండు మాటలు గట్టిగా చెప్పాను. లినక్స్‌ను స్విచ్ తీసి ఆపొద్దు, లోపలికి దుమ్ము పోనీయొద్దు. పక్క గదిలోనే మగ్గాలు ఆడుతుండేవి, గాలంతా నూలు నుసి.

రెండు నెలలకు సంఘం అధ్యక్షుడు నర్సప్ప ఫోన్ చేశాడు.

"జర నువ్వొకపారి రావాలె తమ్మీ. మధ్యాహ్నం అయితే చాలు, మిషన్ దానంతటదే బందైతాంది. ఎక్కించిన అంచులు ఖరాబైతున్నయి."

వెళ్లి లాగ్ తెరిచాను. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో, ఎప్పుడు పోయారో మిషన్ తనే రాసుకునే చిట్టా అది. పది రోజుల్లో ఆరు సార్లు, ఇంచుమించు రెండు గంటలప్పుడే ఆగిపోయింది. ఆరు సార్లూ లోపల ఉన్నది షాహీన్ పేరే.

"ఆ టైముకు ఏం చేస్తుంటవమ్మా?" అని అడిగాను.

"నేనుండ సార్. నమాజుకు, అన్నానికి ఇంటికి పోత. మీరు స్విచ్ తియ్యొద్దన్నరు గద. చాలూ ఉంచి, బట్ట కప్పి పోత."

బట్ట మాట నా చెవికెక్కలేదు. ఉండనన్న మాటే ఎక్కింది. ఆమె లేనప్పుడు ఆమె పేరు మీద మిషన్ తెరిచి ఉందంటే ఎవరో కూర్చుని, పని కాగానే స్విచ్ తీసేసి పోతున్నారన్నమాట! ఉన్న తెలివంతా ఒలకబోసి, ఆమె ముందే నర్సప్పతో అన్నాను.

"ఈమె పాస్‌వర్డ్ ఇంకెవరికో ఎరుకైనట్టుందే అన్నా. ఫ్లాపీల మీద డిజైన్లు బయటికి పోతున్నయేమో."

నర్సప్ప ముఖం మాడిపోయింది. "గీ అంచులు పవర్‌లూమోళ్లకు దొరికితే మా మగ్గాలు అటకెక్కుడే. రేపటి సంది రాకు బిడ్డా."

"అల్లా కసమ్, నేనెవ్వరికీ ఇయ్యలే" అంది షాహీన్. పని తీసేసిన నర్సప్పను కాదు, నన్ను చూస్తూ అంది. నేను కీబోర్డు వైపు తల తిప్పుకున్నాను.

తిరిగొచ్చి లిస్టుకు పెద్ద ఉత్తరం రాశాను. దొంగ ఎలా చొరబడి ఉంటాడో, ఏ తాళాలు మార్చాలో అడుగుతూ లాగ్ నకలు కూడా జతచేశాను. ఎస్టీడీ లైను హైదరాబాదుకు కలిస్తేనే మెయిల్ పోయేది, కలిసేసరికి ప్రాణం విసిగేది. రెండు రోజులకు ఏడు జవాబులు వచ్చాయి. ఆరుగురు నాలాంటివాళ్లే, తాళం మీద తాళం చెప్పారు. ఏడో ఆయన ఒక్క వాక్యం రాశాడు. దొంగను వెతికే ముందు కంప్యూటరు డబ్బా మీద చెయ్యి పెట్టి చూశావా?

చూడలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

డబ్బా విప్పితే ప్రాసెసరును చల్లబరిచే ఫ్యాను రెక్కల నిండా నూలు నుసి, దిండులో దూదిలా. అది తీయకుండానే మళ్లీ బిగించి నడిపి చూశాను. రెండు గంటలు బాగానే నడిచింది. అప్పుడు బట్ట కప్పి, టీ తాగొచ్చేసరికి బందై ఉంది. చెయ్యి పెడితే చురుక్కుమంది. ఫైళ్లు తెరిచి ఉండగా మిషన్ అలా ఆగిపోతే అవి చెడిపోతాయి, అంచులు పోయింది అందుకే. బట్టను చేతిలోకి తీసుకుని చూశాను. డబ్బా కొలతకు సరిగ్గా, దుమ్ము చొరకుండా నాలుగు మూలలా కుట్టింది షాహీన్. నేను చెప్పిన రెండు మాటలూ తు.చ. తప్పకుండా పాటించింది ఆ పిల్ల!

"అరెరె, ఎంత పనాయె!" అని నర్సప్ప తల పట్టుకున్నాడు. ఇద్దరం దర్జీ దుకాణానికి నడిచాం.

"తప్పు మాదే భాయ్. బిడ్డను పనికి పంపు" అన్నాడు నర్సప్ప.

షాహీన్ తండ్రి కుట్టు ఆపకుండానే అన్నాడు. "మిషన్ ఖరాబైతే మీరు బాగుజేసుకుంటరు. బజార్ల పడ్డ మాటను ఎవరు బాగుజేస్తరు నర్సప్పా?"

షాహీన్ గడప దాకా వచ్చింది.

"ఆ దినమే చెప్పిన గద సార్, బట్ట కప్పి పోతనని" అంది. మళ్లీ లోపలికి పోయింది. ఆ సంఘానికి ఇక రాలేదు.

ఆ లిస్టులో ఇప్పటికీ ఉన్నాను, అలవాటు కొద్దీ. నా సిస్టమ్‌లోకి ఎవరో చొరబడ్డారని ఎవరైనా రాస్తే తాళాల సంగతి ఎత్తను. డబ్బా మీద చెయ్యి పెట్టావా, దాని ముందు కూర్చునే మనిషి ఏం చెప్పింది, ఈ రెండే అడుగుతాను. రెండోదానికి చాలామంది జవాబు రాయరు. ఆ మనిషిని వాళ్లు అడిగే ఉండరు. నేనైతే అడిగాను. వినలేదు.