బుగ్గన ఉన్నది కిళ్ళీ కాదండీ!

నిన్న మా ఇంట్లో తాంబూలాలు పుచ్చుకున్నారని విన్నారుగా? పొద్దున్నించీ గూడ్సు షెడ్డులో ఒకటే గోల, "జాతకాలు అంత బాగా కలిశాయేమిటోయ్ సూరిబాబూ!" అని. జాతకాలూ లేవు, గీతకాలూ లేవు. ఈ సంబంధం పన్ను విరిగి కుదిరింది! నవ్వకండ్రా, నిజం. ముందు ఆ చాయ్ ఇటివ్వండి. కొంచెం చల్లార్చి ఇవ్వండి బాబూ, ఎడంపక్క ఇంకా పచ్చిగానే ఉంది.

కిందటేడు కలకత్తాలో పళ్ళ డాక్టరొకాయన నా దవడ పన్నులో నరం లాగేసి, లోపల సిమెంటు కూరి, "ఇంక దీనికి నొప్పి తెలీదు" అన్నాడు. అంతే, నాకు కొమ్ములొచ్చాయి. కనిపించిన వాడికల్లా నోరు తెరిచి చూపించడమే! కిందటి నెల గూడ్సు షెడ్డులో వేయించిన సెనగలు ఆ పక్కనే పటపటా నములుతున్నానా... టప్! సగం పన్ను చేతిలోకొచ్చింది. "చచ్చిన పన్నేగా, పోతే పోయింది" అని విసిరేసి, మిగతా సెనగలు కూడా తినేశాను. అదీ మన తెలివి.

ఆ చచ్చిన పన్ను దెయ్యమై పట్టుకుందిరా నన్ను! మొన్న శనివారం లేచేసరికి బుగ్గ బూరెలా పొంగింది. చెవి దాకా పోటు, ఒళ్ళు కాలిపోతోంది. రైల్వే డిస్పెన్సరీకి పరిగెత్తాను. కాంపౌండరు నోట్లోకి తొంగి చూసి, "అరే బాప్ రే!" అని రెండడుగులు వెనక్కేశాడు. "డాక్టర్ సాబ్ లైన్ మీదకి వెళ్ళారు. సోమ్‌వార్ కో ఆనా" అని, లవంగనూనె దూదీ, పుక్కిలించడానికి ఊదారంగు మందునీళ్ళ సీసా ఇచ్చి పంపేశాడు.

సోమవారమట! ఆదివారం సాయంత్రం నాకు పెళ్ళిచూపులు!

వాయిదా వేద్దామంటే ఆ వారం దాటితే ఆషాఢం. ఈలోగా పిల్లని ఎగరేసుకుపోదామని బిలాస్‌పూర్ సంబంధం వాళ్ళు కాచుక్కూర్చున్నారు. పిల్ల ఎవరనుకున్నారు? మన హెడ్ టీసీ నరసింగరావు గారమ్మాయి సత్యవతి. రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో చూశాను ఆవిడని. చేసుకుంటే ఆవిడనే చేసుకుంటానని మంకుపట్టు పట్టి, మా అమ్మని విజయనగరం నుంచి రప్పించింది నేనే. ఆ పిల్ల చెయ్యిజారిపోతే నా బతుకేమిటి!

నరసింగరావు గారి సంగతి మీకు తెలిసిందే. ప్లాట్‌ఫారం మీద ఎవడైనా కిళ్ళీ ఉమ్మితే బకెట్టు తెప్పించి వాడిచేతే కడిగిస్తాడు. ఉద్యోగం, జీతం ఏమీ అడగలేదుట ఆయన. "అబ్బాయికి కిళ్ళీ అలవాటుందా?" అదొక్కటే అడిగాడుట. ఈ రాయపూర్‌లో కిళ్ళీ నమలని కుర్రాడంటే నేనే. అక్కడ ఢోకా లేదనుకున్నాను.

ఆదివారం బయల్దేరుతుంటే మా అమ్మ నా మొహం చూసి నెత్తి కొట్టుకుంది. "ఏట్రా ఈ అవతారం! ఒరే, పన్ను సంగతి ఆళ్ళ దగ్గర ఎత్తావంటే సూడు. ఈ వయసుకే పళ్ళూడిపోయే ఓడికి పిల్లనెవడిస్తాడ్రా? నోరు మూసుకుని కూకో." సరేనన్నాను. దూదికి లవంగనూనె మరికాస్త దట్టించి, మందునీళ్ళు పుక్కిలించి మరీ రిక్షా ఎక్కాను.

వెళ్ళి కూర్చున్నాం. నరసింగరావు గారు నా బుగ్గకేసి చూశారు. పెదాలకేసి చూశారు. ఊదారంగు మందునీళ్ళు ఆరి అవి ఎర్రగోధుమ రంగు తిరిగున్నాయి. తెల్లచొక్కా మీద కూడా రెండు చుక్కలు. లవంగం వాసన గదంతా గుప్పుమంటోంది. ఒకటికి నాలుగు సాక్ష్యాలు!

"ఏం చదివారు బాబూ?"

"ఊఁ... మ్మ్..."

"సొంతూరెక్కడ?"

"మ్మ్మ్."

ఆయన మొహం కందగడ్డైపోయింది. "ముందు నోట్లోది ఉమ్మేసి రండి. తర్వాత మాట్లాడుకుందాం."

"అయ్యో అన్నయ్యగారూ, మావోడు కిళ్ళీ ముట్టడండీ!" అంది అమ్మ.

"మరి ఆ బుగ్గనున్నదేమిటమ్మా?"

అమ్మ నాకేసి చూసింది. నేను అమ్మకేసి చూశాను. పన్నంటే పెళ్ళి పోతుంది, పాన్ అంటే పెళ్ళి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి!

సరిగ్గా అప్పుడే సత్యవతి చెక్కల పళ్ళెం పట్టుకొచ్చింది. ఆయన తనకొద్దని పళ్ళెం నా ముందుకి తోసేశారు. నాకు మహాగొప్ప ఆలోచనొచ్చింది. వాచిన పక్కనే ఒక చెక్క కొరికి నమిలి చూపిస్తే, అక్కడ కిళ్ళీ లేదని తేలిపోతుందిగా? దేవుడా అనుకుని, దూది చాటుగా చేతిగుడ్డలోకి తీసేసి, చెక్క పెట్టి గట్టిగా కొరికాను.

ఫట్!

"ఓరినాయనోయ్!" అని గెంతాను చూడండీ, పళ్ళెం ఎగిరి ఆయన ఒళ్ళో పడింది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పెరట్లోకి ఒకటే పరుగు. లోపలి చీముగడ్డ పగిలి అంతా బయటికొచ్చేసింది. థూ, ఆ రుచి తలుచుకుంటే ఇప్పటికీ వికారమే. కానీ... ఆహా! ఆ హాయి ఏమని చెప్పను! రెండ్రోజుల పోటు చేత్తో తీసేసినట్టు సగానికి సగం దిగిపోయింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి.

తలెత్తేసరికి వెనకాలే నరసింగరావు గారు, నడుం మీద చెయ్యేసుకుని, నేనేం ఉమ్మానో చూడ్డానికి.

అరచేతిలో పన్నుముక్క చూపించాను. "కిళ్ళీ కాదండీ. పన్నండీ." ఆ "ఓరినాయనోయ్" తీసేస్తే, ఆ ఇంట్లో నేను పలికిన మొదటి మాట అది.

"పన్నైతే ఆ మాట చెప్పొచ్చుగా! ఎందుకు దాచారు?" అని గయ్యిమన్నారాయన.

గుమ్మంలో ఉప్పునీళ్ళ చెంబుతో సత్యవతి నిలబడుంది. నవ్వు ఆపుకుంటూ, "నాన్నా, మరి మీరు రోజూ గ్లాసులో నానేసుకునే పైవరస కట్టుడుపళ్ళ సంగతి వీళ్ళకి చెప్పారా?" అంది.

"సత్యా!" అని గర్జించబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయనే ముందు నవ్వేశారు. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన ఒక్క చెక్క కూడా ముట్టుకోలేదు! మా అమ్మైతే, "మా సూరిగాడికి పోయింది ఒకటే కదండీ!" అని ఒక్కసారిగా మగపెళ్ళివారి దర్జా తెచ్చేసుకుంది.

సోమవారం డాక్టరు మిగిలిన వేరు పీకి, పెన్సిలిన్ పొడిచి, చెడామడా తిట్టారు. "నరం చస్తే నొప్పి పోతుందయ్యా, విరిగిన పన్నుకి చీము పట్టకుండా ఉంటుందా?" ఉప్పునీళ్ళు పుక్కిలించారా అని సత్యవతి రోజూ కబురు పంపుతోంది. పెళ్ళి శ్రావణంలో. అప్పటికి నేను సెనగలు కాకపోయినా గారెలు నమిలేస్తాను, చూస్తూండండి.

అసలు ముక్క వినండి. నిన్న తాంబూలం నా చేతిలో పెట్టి కూడా మావగారు ఆకులు వదల్లేదు. చెవిలో నెమ్మదిగా, "బాబూ, ఇవి చేతిలోనే ఉండాలి సుమా. నోట్లోకి పోకూడదు" అన్నారు.

"మీకంత భయం ఎందుకండీ మావగారూ?" అన్నాను. "ఇవి నమలడానికి మనిద్దరిలో ఎవరికైనా రెండు వరసలూ పూర్తిగా ఉన్నాయా!"