అడుగంటిన కాఫీకి మూడు మార్కులు

ఈ పొద్దున పాలు అడుగంటాయి. ఫోన్ మోగిందని రెండు నిమిషాలు పక్కకు తిరిగాను, అంతే. పొంగలేదు, పైకి చూస్తే తెల్లగా, ఏమీ ఎరగనట్టే ఉన్నాయి. కానీ వంటింటి గడప దగ్గరే నా ముక్కు పట్టేసింది. మా ఆయన ఆ పాలతో కలిపిన కాఫీ సగం తాగేసి, పేపరు లోంచి తల ఎత్తకుండా "బాగానే ఉందిగా" అన్నాడు. ఆయన నాలుకకు ఏదైనా బాగానే ఉంటుంది, అది ఆయన అదృష్టం. నాకు మాత్రం ఆ మాడు వాసన తగిలితే మా వంటిల్లు కనబడదు. చిలకలగూడలో ఒక చిన్న హాలు, అందులో ప్లాస్టిక్ కుర్చీ, ఆ కుర్చీలో కూర్చుని నా మొహంలోకి చూస్తున్న దేవదానం సార్ కనబడతారు.

దేవదానం సార్ నాకు బాస్. సికింద్రాబాద్ శివార్లలో ఉన్న మా చిన్న మద్యం కంపెనీలో విస్కీ, రమ్ము, బ్రాందీ రుచి చూసి, ఏది సీసాలోకి పోవాలో ఏది పోకూడదో తేల్చే మనిషి. నేను కెమిస్ట్రీ చదివి ఆయన కింద చేరాను. రాజమండ్రి నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో స్థిరపడిన ఇల్లు మాది. "సారా కొట్లో ఉద్యోగమేమిటే, నలుగురికీ ఏం చెప్పుకోను?" అని మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి చుట్టాలందరికీ మందుల కంపెనీ అని చెప్పి గట్టెక్కింది. సార్ సంగతి ఇంకా విచిత్రం. ఆయన చర్చిలో పెద్ద. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చునే మనిషి, సోమవారం పదిన్నరకల్లా నోట్లో విస్కీ పోసుకునేవారు. ముప్పై ఏళ్లలో ఒక్క చుక్క కూడా గొంతు దిగనివ్వలేదు. కుర్చీ పక్కన ఇసుక పోసిన తొట్టి ఉండేది, అందులో ఉమ్మేసేవారు. "గొంతు దిగితే తాగుడు, నాలిక మీద ఆగితే నౌకరి. ఫరక్ తెల్సుకో అమ్మా" అని మొదటి రోజే చెప్పారు.

ఆ మొదటి రోజు నేను తలకు కొబ్బరినూనె రాసుకుని, మూర మల్లెపూలు పెట్టుకుని వెళ్లాను. కొత్త ఉద్యోగం కదా, అమ్మే స్వయంగా జడ వేసి పంపింది. సార్ తలుపు దగ్గరే ఆపేశారు. "ఏందమ్మా ఇది? పెండ్లికొచ్చినవా, పనికొచ్చినవా? బయట జామచెట్టుంది, ఆ పూలు కొమ్మకు తగిలించి రా. సాయంత్రం పోయేటప్పుడు మళ్ల పెట్టుకో" అన్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. తర్వాత అదే అలవాటైపోయింది. మల్లెల కాలమంతా ఆ చెట్టు నా పూలు మోసింది. మర్చిపోయి లోపలికి వెళ్తే, పది అడుగుల దూరం నుంచే, తల ఎత్తకుండా "జామచెట్టు" అనేవారు.

నేర్పడంలో ఆయనకు ఓపిక తక్కువ, పట్టుదల ఎక్కువ. మొదటి గ్లాసు ఇచ్చి ఏం తగిలిందో చెప్పమంటే, నేను ఇంగ్లీషు పుస్తకంలో చదివిన పళ్ల పేర్లు గడగడా అప్పజెప్పాను. "ఆ పండ్లు నువ్వు ఎన్నడన్న తిన్నవా?" అని అడిగారు. లేదన్నాను. "మరి అబద్ధమెందుకు? మీ అమ్మ వంటింట్ల ఏముంటదో అది చెప్పు." ఆ వారమే నన్ను మోండా మార్కెట్‌కు తీసుకెళ్లి ఒక్కో దుకాణం ముందు ఆపారు. ఎండు ఖర్జూరం, ముదురు బెల్లం, వాము, చింతపండు, రంపపు పొట్టు, కొత్త కుండ. దుకాణం వాళ్లు మమ్మల్ని చూసి నవ్వారు. కళ్లు మూసుకుని కుండను వాసన చూస్తున్న ఆడపిల్లను చూస్తే ఎవరికైనా నవ్వు రాదూ! కానీ ఆ తర్వాత గ్లాసు ముందు కూర్చుంటే నాకు మాటలు వాటంతటవే వచ్చేవి.

ధర విషయంలో ఆయన ఇంకా కఠినం. సీసాలకు గుడ్డ చుట్టించి, ఖరీదైన విదేశీ విస్కీ పక్కన మన చెరకు రమ్ము పెట్టించేవారు. మార్కు వేశాక, ఎంత పెట్టి కొనొచ్చో కూడా చెప్పాలి. నేనొకసారి ఒక చవక బ్రాందీ గురించి, "ఆ ధరకు ఇది చాల్లెండి సార్" అన్నాను. ఆయన మొహం ఎర్రబడిపోయింది. "చాలంటే ఏంది? ఆటో నడిపెటోడు దినమంతా ఎండల తిరిగి కొనుక్కుంటడు. సస్తా తాగెటోనికి సుత నాలిక ఉంటదమ్మా" అన్నారు. ఇంటికెళ్లే బస్సులో ఆ మాట తలచుకుని సిగ్గుతో చచ్చిపోయాను.

మేం రుచి చూసే గదిలో ఒకే ఒక్క శాసనం ఉండేది. ఇద్దరం గ్లాసు చూసి, పదికి ఎంతో చీటీ మీద రాసి బోర్లించాలి. ఆ తర్వాతే ఇద్దరం ఒకేసారి తిప్పాలి. ఒకరిది చూసి ఒకరు వేయకూడదు. పెద్దవాళ్ల మార్కు చూస్తే చిన్నవాళ్ల ముక్కు మూసుకుపోతుందని ఆయన వాదన. ఎన్నోసార్లు ఆయన ఏడు వేస్తే నేను నాలుగు వేశాను. అలాంటప్పుడు కోపం వచ్చేది కాదు, సంబరపడిపోయేవారు. "నా మీద నాలుగేసింది చూడుండ్రి!" అని ప్యాకింగ్ వాళ్లకు కూడా చెప్పుకునేవారు. అలా మొహమాటం లేకుండా నన్ను తయారుచేసిన మనిషికి, తీరా అవసరం పడిన రోజున నేనేం చేశానో తలచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

కరోనా వచ్చి తగ్గాక సార్ మళ్లీ పనిలోకి వచ్చారు. కొంచెం చిక్కారు, అంతే అనుకున్నాం. ఒక్కటే మార్పు. చీటీలు బోర్లించడం మానేశారు. "ముందు నువ్వు చూపియ్యమ్మా" అనేవారు. నా చీటీ చూశాక నిదానంగా తనది రాసేవారు. వయసు మీద పడి బద్ధకించారనుకున్నాను. ఒకరోజు సైనిక్‌పురిలో స్నేహితురాలి గృహప్రవేశం నుంచి తిన్నగా ఫ్యాక్టరీకి వెళ్లాను. సార్ నా పక్కనే నిలబడి, నా భుజం మీదుగా వంగి, గ్లాసు మీద రాసిన నంబరు చదివారు. ఏమీ అనలేదు. మధ్యాహ్నం అన్నానికి లేచి జడ సవరించుకుంటుంటే చేతికి మల్లెపూలు తగిలాయి. రెండు మూరలు! పొద్దుటి నుంచి తలలోనే ఉన్నాయి. వెళ్లి పూలు జామచెట్టుకు తగిలించి, అక్కడే నిలబడి ఏడ్చాను. ఆయనతో మాత్రం ఒక్క మాట అనలేకపోయాను. అడిగితే చిన్నబుచ్చుకుంటారనుకున్నాను.

తర్వాత రెండు నెలలకు ఆయన పీపాలు తెరిచారు. ఏళ్ల కిందట తన చేతులతో ఎంచి, విస్కీ నింపి, మూత బిగించిన ఓక్ చెక్క పీపాలు అవి. మా కంపెనీ మొదటిసారి వేయబోతున్న ఖరీదైన సీసా వాటిలోంచే రావాలి. ఆ ఏడాదే సార్ రిటైర్మెంట్ కూడా. యజమాని వచ్చారు, సరుకు కొనే పెద్ద వ్యాపారులు ఇద్దరు వచ్చారు. సార్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. నేను గ్లాసు ఎత్తాను. పైన తేనె, ఎండు ఖర్జూరం. ఆ వెనకే, తప్పించుకోవడానికి వీల్లేకుండా, తడి గోనెసంచి. వానకు నానిన గోడ. ఏదో ఒక పీపా చెక్క బూజు పట్టి, అన్నీ కలిపిన విస్కీనంతా పాడుచేసింది. నా నోట్లో మూడు అనే అంకె తయారుగా ఉంది. సార్ వైపు చూశాను. ఆయన గ్లాసును వెలుతురులో పట్టుకుని, కన్నబిడ్డను చూసినట్టు చూస్తున్నారు. ఈయనకు వాసన తెలియదు, తన పీపాల మీద ప్రేమతో ఎనిమిది వేస్తారు, నేను మూడు వేస్తే ఇంతమందిలో నవ్వులపాలవుతారు అనుకున్నాను. చీటీ మీద ఎనిమిది వేసి అందరికీ చూపించాను. సార్ నా చీటీ వైపు చూసి, తనూ ఎనిమిది వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆరు వారాలు తిరగకుండా సీసాలు వాపసు రావడం మొదలైంది. యజమాని మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచారు. "ఏంది సార్ ఇది, ముప్పై ఏండ్ల ఎక్స్‌పీరియెన్స్ అంటరు, గోనె వాసన తెల్వలేదా?" అని అడిగారు. సార్ లేచి నిలబడ్డారు. "ఆఖరి మార్కు నాది. ఆ పిల్ల నా మొహం చూసి వేసింది. తప్పు నాదే" అన్నారు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నోరు తెరవలేదు. నాకప్పుడు ఇంటి లోన్ ఉంది, పిల్ల బడి ఉంది, భయం ఉంది. ఎన్ని చెప్పినా అది పిరికితనమే. ఆ శనివారం సార్ తన గ్లాసు కడిగి, తుడిచి, నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. రిటైర్మెంట్‌కు దండ లేదు, ఫోటో లేదు.

ఏ మొహం పెట్టుకుని వెళ్లను? అయిదు నెలలు వెళ్లలేదు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం చిలకలగూడ వెళ్లి తలుపు కొట్టాను. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు, ఒక్కరే ఉంటారు. "ఏమ్మా, ఇన్నాళ్లకు తొవ్వ దొరికిందా?" అని నవ్వి, నన్ను కూర్చోబెట్టి తనే కాఫీ పెట్టుకొచ్చారు. గ్లాసు దగ్గరికి తేగానే తెలిసింది, పాలు మాడాయి. ఆయన ప్లాస్టిక్ కుర్చీ ముందుకు జరుపుకుని, మా గదిలో అడిగినట్టే "ఎట్లుంది?" అన్నారు.

"చాలా బాగుంది సార్" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. పెద్దాయన చేత్తో చేసిన కాఫీ, ఇంకేమంటారు ఎవరైనా? కానీ ఆ మాట అక్కడే ఆపాను.

"పాలు అడుగంటాయి సార్" అన్నాను. "పదికి మూడు."

ఆయన మొహమంతా నవ్వయింది, ఆ నవ్వులోనే కళ్లు నిండాయి. "మూడా? నాకైతే ఉడుకు నీళ్లే. ఏది తాగినా గంతే" అన్నారు. కళ్లు తుడుచుకుని, "ఆ దినం నా పీపాలకు నీ అసలు మార్కెంత?" అని అడిగారు.

"అదీ మూడే సార్."

"మరి ఎనిమిదెందుకేసినవమ్మా?"

"మీకు వాసన రావట్లేదని నాకు తెలుసు సార్. మీరు ఎనిమిది వేస్తారనుకున్నా. నలుగురిలో మీ పరువు పోతుందని..."

"నువ్వు ఎనిమిదేసినవనే నేను ఎనిమిదేసిన" అన్నారు సార్. "నా ముక్కు పోయింది. నీ ముక్కే నా ముక్కనుకున్న. నువ్వొక్కదానివి నాకు అబద్ధం చెప్పవనుకున్న."

నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన లేచి నా తల మీద చెయ్యి పెట్టారు. "పరేషాన్ గాకు. తప్పు నాది సుత. ముందే నీకు చెప్పాలె. చెప్పనీకి సిగ్గయింది" అన్నారు. కాఫీ పారబోస్తానని గ్లాసు అందుకోబోతే నేను ఇవ్వలేదు, చివరి చుక్క దాకా తాగాను. ఆయన ఎదుట మార్కు వేశాక ఉమ్మేయకుండా మింగింది ఆ ఒక్కటే.

ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి అయ్యే వేళకు వెళ్లేదాన్ని. గ్యాసు కారుతోందా, కూర పులిసిందా, పాలు బాగున్నాయా విరిగాయా, అన్నీ వాసన చూసి చెప్పేదాన్ని. "ఇల్లు ముక్కిపోయిన వాసన వస్తోంది సార్, కిటికీలు తెరవండి" అంటే పసిపిల్లాడిలా సంతోషపడేవారు. అలా ఒక ఏడాది గడిచింది. ఎండాకాలంలో నిద్రలోనే పోయారు. చర్చి వాళ్లు పెట్టె నిండా మల్లెదండలు వేశారు. ఆయన ఆ పూల మధ్య కళ్లు మూసుకుని ఉంటే, ఎవరైనా వీటిని తీసి బయట చెట్టుకు తగిలిస్తే బాగుండునని ఒక పిచ్చి ఆలోచన వచ్చి, అక్కడ నిలబడలేక వచ్చేశాను.

ఇప్పుడు ఆ గది నాది. నా దగ్గర పనిచేసే అమ్మాయి చీటీ బోర్లిస్తుంది, నేనూ బోర్లిస్తాను. జలుబు చేస్తే ముందే చెప్పేస్తాను, "ఇవాళ నా ముక్కు పనిచేయదు, నీదే లెక్క" అని. చెప్పేటప్పుడు చిన్నతనంగానే ఉంటుంది. అయినా చెబుతాను.

పొద్దున మా ఆయన సగం గ్లాసు పక్కన పెట్టి ఆఫీసుకు వెళ్లిపోయాడు. నాకోసం కలుపుకున్నది చల్లారిపోయింది. వంటింట్లో నిలబడి, వినేవాళ్లెవరూ లేకపోయినా పైకే అన్నాను, "పదికి మూడు, సార్." ఆ తర్వాత చివరి చుక్క దాకా తాగాను.