టీ ఒలకని బెల్టు

జాన్ సాహెబ్ బాబాయ్ ముఠాలో తాడు మీద దిగాలంటే ముందు గాల్లో వేలాడుతూ టీ తాగాలి. వినడానికి వెకిలిగానే ఉంటుంది. ఎనభై ఆరులో మాచర్ల అవతల సిమెంటు ఫ్యాక్టరీలో పనికి చేరిన రోజు నాకూ అలాగే అనిపించింది.

మా పని సైలోల్లో. సైలో అంటే సిమెంటు నిల్వచేసే పేద్ద కాంక్రీటు గొట్టం. లోపల గోడలకు సిమెంటు గడ్డకట్టుకుపోతుంది. పైనుంచి తాడు మీద దిగి, వేలాడుతూ, గునపంతో దాన్ని రాలగొట్టాలి. ఫ్యాక్టరీ కట్టినవాళ్ళు వెళ్ళిపోతూ కొన్ని బెల్టులు వదిలిపోయారు. భుజాలు, రొమ్ము, నడుము, తొడలు అన్నింటినీ కలిపి పట్టే బెల్టులు. వాటిని చూసి మావాళ్ళు గుర్రానికి జీను అని నవ్వేవాళ్ళు. నడుముకి మోకు చుట్టుకుని దిగడమే మగతనమని వాళ్ళ లెక్క.

బాబాయ్ నవ్వలేదు. ఆయన గురజాల వైపు బావులు తవ్విన మనిషి. ఒకసారి కాలు జారి నడుము తాడు మీదే వేలాడాడట. పైకి లాగేసరికి ఊపిరందక కళ్ళు తేలేశాడట. "నడుం తాడు కింద పడనియ్యదురా. కానీ బతకనియ్యదు" అనేవాడు.

బెల్టు లేనిదే ఎవర్నీ దిగనిచ్చేవాడు కాదు. మేము రంగు పోని బెల్టు కోసం కొట్టుకునేవాళ్ళం. ఆయన రంగు చూసేవాడు కాదు. పట్టీని వేళ్ళ మధ్య మడిచి, వంపు దగ్గర దారాలు లేచాయేమో చూసేవాడు. వెల్డింగు రవ్వ పడి చుక్కంత కాలినా ఆ బెల్టుని కత్తితో కోసి పారేసేవాడు, ఇంకెవడూ తొడుక్కోకుండా. ఆ తర్వాత తొడిగించడం. వీపు మీది ఇనప రింగు రెండు రెక్కల మధ్యకి రావాలి. రొమ్ము పట్టీ గొంతు మీదికి ఎక్కకూడదు. తొడ పట్టీ కింద అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు.

మావాళ్ళకి ఒక దరిద్రపు అలవాటుంది. లుంగీ ఎగ్గట్టి, బొడ్లో బీడీకట్ట దోపి, నడుముకి తువ్వాలు చుట్టి, దాని మీద బెల్టు బిగిస్తారు. పైన ఉన్నంతసేపూ బిగుతే. లోపల ఉక్కకి తట్టుకోలేక తువ్వాలు లాగి మొహం తుడుచుకుంటారు. అంతే, బెల్టు వదులు. అందుకని బాబాయ్ అందరికీ నిక్కర్లు వేయించాడు. షెడ్డు దూలానికి తాడు కట్టి, నేలకి జానెడు ఎత్తున ఒక్కొక్కణ్ణీ వేలాడదీసి, చేతికి నిండు గ్లాసు ఇచ్చేవాడు. బెల్టు ఒంటికి కుదిరితే మనిషి నిలకడగా వేలాడతాడు, టీ ఒలకదు. ఒలికినా, తొడలు తిమ్మిరెక్కాయన్నా, దించి మళ్ళీ మొదటినుంచీ.

"ఏంది బాబాయ్, పెళ్ళిచూపులా?" అన్నాడు మా ముఠాలోని బాలశౌరి, వేలాడుతూ.

"పెళ్ళయితే చెడినా ఇంకోటి చేసుకోవచ్చు. నోర్మూసుకుని తాగు."

మరుసటేడు ఎండాకాలం ఆయనకి పచ్చకామెర్లు వచ్చాయి. తగ్గి పనిలోకొచ్చేసరికి మనిషి సగమయ్యాడు. ఆ పొద్దునే పెద్ద సైలో మూసుకుపోయింది. గోడ మధ్యలో గడ్డ అరుగులా ముందుకి పెరిగింది. అట్లాంటిదాన్ని తప్పుగా కొడితే కొట్టినవాడి మీదే పడుతుంది. దాన్ని కొట్టడం ఆయనకే తెలుసు. బయట లారీలు ఆగిపోయాయి.

బాబాయ్ తన బెల్టు తొడుక్కున్నాడు. చివరి బెజ్జం దాకా లాగాడు. తొడ పట్టీ కింద అరచెయ్యి పెట్టాడు. తర్వాత పిడికిలి. దూరింది.

మేస్త్రీ త్రికోటేశ్వరరావు అది చూసి, "తువ్వాలు చుట్టుకో సాయిబూ, ఒక్క పూటకేగా" అన్నాడు.

ఇవాళ దిగకపోతే ఇక బాబాయ్ పని అయిపోయిందని అందరూ అనుకుంటారు. అది ఆయనకీ తెలుసు. దూలం కిందికి వెళ్ళి, రింగుకి కొక్కెం తగిలించుకుని, "టీ పొయ్యండ్రా" అన్నాడు.

పైకి లాగాం. ఒళ్ళు బెల్టులో కిందికి జారింది. రొమ్ము పట్టీ గడ్డం దాకా ఎక్కింది. టీ అంతా చొక్కా మీదే పోయింది.

"ఎవరూ చూళ్ళేదులే" అన్నాడు మేస్త్రీ.

"నేను చూశా. దించండి."

దిగి, ఆ బెల్టు విప్పి బాలశౌరికి తొడిగాడు. పట్టీలు వాడి ఒంటికి సరిచేశాడు. మేస్త్రీ లారీలంటూ గొణుగుతూనే ఉన్నాడు. బాలశౌరి దూలానికి వేలాడుతూ ఒలక్కుండా గ్లాసు ఖాళీ చేసేదాకా బాబాయ్ వాణ్ణి కదలనియ్యలేదు. తర్వాత సైలో కప్పెక్కి, లోపలికి జారే వీల్లేకుండా నడుముని పొట్టి తాడుతో కప్పుకి కట్టేసుకుని, మూత దగ్గర బోర్లా పడుకుని లోపలికి టార్చి వేశాడు. "అంచున కొట్టు. కిందికి పోమాక. పక్కకి ఊగు. ఇప్పుడు కొట్టు." సాయంత్రందాకా ఆ గొంతు ఆగలేదు. చివరికి గడ్డ విరిగి పడితే కప్పు మీద మా కాళ్ళు అదిరాయి.

బాలశౌరి బూడిద మనిషిలా పైకొచ్చి, బెల్టు విప్పి ఇచ్చాడు. బాబాయ్ పట్టీని మడిచి, దారాలు చూసి, షెడ్డులో మేకుకి తగిలించాడు.

"రేపు నాకు గ్లాసులో కాస్త తక్కువ పొయ్యండ్రా" అన్నాడు.

"కుదరదు బాబాయ్" అన్నాడు బాలశౌరి. "నిండానే పోస్తాం."