ఆపేసిన రేడియో

శంషాబాద్‌లోని మా ఇంట్లో మనవరాలు బాగు చేద్దామని పాత ల్యాప్‌టాప్ వెనకమూత విప్పగానే మగ్గిన దుమ్ము వాసన గుప్పుమంది. నా చిన్నప్పుడు మా బాపు రేడియో విప్పిన రోజున కూడా ఇదే వాసన.

అప్పటికి మా నానమ్మ పోయి దినాలు ఇంకా కాలేదు. అవి అయ్యేదాకా మా ఇళ్లలో రేడియో పెట్టరు. కానీ గూట్లో ఆపేసి ఉన్న ఆ రేడియో మధ్యాహ్నాలు గర్రుమనేది, అచ్చం నానమ్మ ఆయాసంలా. నన్ను పేరు పెట్టి పిలిచింది కూడా.

"తాతా, గప్పాలు కొట్టకు," అంది మనవరాలు.

సరే, పేరు పెట్టి పిలవలేదు. అది నేను కలిపింది. గర్రుమన్నది మాత్రం నిజం.

బాపు స్క్రూలు విప్పుతుంటే చెయ్యి పట్టుకుని ఏడ్చాను. "వద్దు బాపూ, తెరిస్తే నానమ్మ ఎల్లిపోతది!"

"పిస్స పోరడా, రేడియోల నానమ్మ ఏందిరా?" అంటూ మూత తీశాడు. లోపల తడి ఆరని మట్టిగూడు, దాని మీద గర్రున రెక్కలాడిస్తూ కందిరీగ లాంటి ఒక కుమ్మరిపురుగు.

"పురుగేరా," అన్నాడు. కానీ దులపలేదు. "దినాలయ్యేదాక ఉండనీ," అని మూత బిగించి, రేడియోను చెవికి ఆనించుకుని చాలాసేపు కూర్చున్నాడు.

అప్పుడు నాకు ఇంకా భయమేసింది. పురుగే అయితే ఈయన ఏం వింటున్నాడు? నానమ్మ ఆయనకు అమ్మ అని ఆ వయసులో నాకు తట్టనే లేదు.